లీటరుకు పదకొండు పాయింట్ ఎనిమిది

శేషగిరి ఆ వ్యాను కొన్నది 2005లో, వానాకాలం వెళ్లిపోతున్న రోజుల్లో. పదహారేళ్ల పాత మెటాడోర్, డీజిల్ బండి. అంతకుముందు ఎవరో దాన్ని ఎంతో శ్రద్ధగా చిన్న ఇల్లులా మార్చుకున్నారు. వెనక ఎడమవైపు గోడకు ఆనించి ఒక బెర్తు, దానికి ఎదురుగా మడతబల్ల, గ్యాస్ పొయ్యి పెట్టుకోవడానికి గట్టు, కిటికీలకు నీలం గళ్ల కర్టెన్లు. ముజఫర్‌నగర్‌లో ఒక గ్యారేజీ వెనక రెండేళ్లుగా ఎండకు ఎండి వానకు తడిసిన ఆ బండి గురించి పేపర్లో చిన్న ప్రకటన వచ్చింది. అమ్ముతున్న మనిషి మాత్రం రాలేదు. ఆయన సంతకాలు చేసిన కాగితాలు గ్యారేజీ యజమాని దగ్గర ఉన్నాయి.

శేషగిరిది తెనాలి. ఢిల్లీ వచ్చి పదిహేనేళ్లు దాటింది. తూనిక యంత్రాలను పరీక్షించే ప్రభుత్వ ప్రయోగశాలలో టెక్నికల్ ఆఫీసరు. ఆఫీసు నోయిడాలో, క్వార్టరు సరోజినీ నగర్‌లో. భార్య సుభాషిణి దగ్గర్లోని స్కూల్లో లెక్కలు చెబుతుంది. కూతురు తేజశ్రీ ఏడో తరగతి. ఇంట్లో తెలుగులో ఏం అడిగినా ఆ పిల్ల హిందీలోనే జవాబిస్తుంది. ముగ్గురికీ తిరగడం ఇష్టం. సొంత బండి ఉంటే రైలు టికెట్ల గొడవ లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు బయలుదేరవచ్చని శేషగిరి ఆశ.

ముజఫర్‌నగర్ నుంచి బండిని తనే నడుపుకుంటూ వచ్చాడు. రెండేళ్లు కదలని బండి అయినా గాజియాబాద్ వరకు నూనె రాసినట్టు నడిచింది. గాజియాబాద్ దాటి మోహన్ నగర్ చౌరస్తా నుంచి ఢిల్లీ వైపు తిరగగానే బరువెక్కింది. ఎంత తొక్కినా ముక్కుతూ మూలుగుతూ వచ్చింది. ఇంజను వేడెక్కి ఉంటుందని అనుకున్నాడు.

ఇంటికి తెచ్చి శుభ్రం చేస్తుంటే పొయ్యి గట్టు కింద అరలో ఒక నోటుపుస్తకం దొరికింది. అట్ట మీద పి. లక్ష్మీపతి అనే పేరు, గాజియాబాద్‌లోని కవినగర్ చిరునామా ఉన్నాయి. లోపల పద్నాలుగేళ్ల మైలేజీ వివరాలు గుండ్రటి తెలుగు అక్షరాల్లో వరుసగా ఉన్నాయి. ఏ ఊరికి వెళ్లారు, ఎన్ని కిలోమీటర్లు, ట్యాంకు నిండా పోయించాక మళ్లీ నింపేసరికి ఎన్ని లీటర్లు పట్టింది, గాలి ఎటు వీచింది, టైర్లలో ఎంత గాలి ఉంది. మొదట్లో ఎనిమిదితో మొదలైన బండి ఏడాదికి కొంచెం కొంచెంగా తొమ్మిదికి, పదికి వచ్చింది. చివరి పేజీలో 2003 డిసెంబరు తేదీ. దాని ఎదురుగా లీటరుకు 11.8. ఆ తర్వాత కాగితాలన్నీ ఖాళీ.

అలాంటి బండి పదకొండు పాయింట్ ఎనిమిది ఇవ్వడం మాటలు కాదు. శేషగిరి ఆ అంకెను చాలాసేపు చూశాడు. కొలతలతోనే బతికే మనిషి కదా, ఆ అంకె అతని మనసులో నాటుకుపోయింది. ఇంకొకరు సాధించింది తను ఎందుకు సాధించలేడు అనుకున్నాడు.

మొదటి నెలలో బండి ఇచ్చింది ఆరున్నర.

ఓఖ్లాలో దశరథ్ అని ఒక డీజిల్ మెకానిక్ ఉండేవాడు. యాభై దాటిన బీహారు మనిషి, మాట తక్కువ, పని నమ్మకం. శేషగిరి బండిని అతని చేతిలో పెట్టాడు. దశరథ్ ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్లు విప్పి శుభ్రం చేసి సరిచేశాడు. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు మార్చాడు. వెనక ఎడమచక్రానికి బ్రేకు పట్టేసి ఉంటే వదులు చేశాడు. టైర్లు మార్పించి గాలి సరిగ్గా కొట్టించాడు. పైన గాలికి అడ్డంపడే ఇనుప క్యారియరు తీసేయించాడు. ఇవన్నీ అయ్యాక ఎనిమిది వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

ఇక శేషగిరి ఇంట్లోవాళ్ల మీద పడ్డాడు. నీళ్ల ట్యాంకు సగమే నింపాలి. కుక్కరు వద్దు, గిన్నె చాలు. తేజశ్రీ పుస్తకాలు రెండుకి మించకూడదు. కిటికీలు తెరవకూడదు, గాలి లాగేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, స్పీడు నలభై అయిదు దాటకూడదు. వెనక నుంచి లారీలు హారన్ కొడుతుంటే అతను దవడ బిగించి, కాలు కదపకుండా నడిపేవాడు. ఇది షికారుకు వెళ్లడంలా లేదు, పరీక్ష రాయడంలా ఉంది అని సుభాషిణి ఒకసారి అంది. అతను వినిపించుకోలేదు.

అక్టోబరులో అల్వార్ బయలుదేరారు. గుర్‌గావ్ దాటాక తేజశ్రీ వెనక బెర్తు మీద పడుకుంది. సుభాషిణి ముందు సీట్లో ఉంది. కాసేపటికి ఆ పిల్ల లేచి వచ్చి, మమ్మీ, నన్నెందుకు పిలిచావు అని హిందీలో అడిగింది. పిలవలేదని సుభాషిణి అంది. మరి 'తిప్పెయ్యండి' అన్నదెవరు, నీ గొంతే కదా అని ఆ పిల్ల అడిగింది. సుభాషిణి నోరే తెరవలేదు. కలగన్నావులే అని పిల్లను ఒళ్లోకి లాక్కుంది. అయితే ఆ రోజు నుంచి తేజశ్రీ ఆ బెర్తు ఎక్కలేదు. సుభాషిణి కూడా దాని మీద దుప్పటి మార్చడానికి వెళ్లినప్పుడు గబగబా మార్చి దిగిపోయేది. అక్కడ పరుపు ఎప్పుడూ ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు వెచ్చగా ఉంటోందని భర్తకు చెప్పింది. సైలెన్సరు గొట్టం దాని కిందుగా పోతుందని అతను సర్దిచెప్పాడు.

అతనికి పట్టింది వేరే విషయం. అల్వార్ వెళ్లేటప్పుడు లీటరుకు ఆరు. తిరిగొచ్చేటప్పుడు పదకొండు. అదే దారి, అదే బరువు, అదే స్పీడు.

గాలివాటం అనుకుని ఇంకో రెండు ఊళ్లు వెళ్లి చూశాడు. ఎటు వెళ్లినా పోయేటప్పుడు తాగేస్తోంది, వచ్చేటప్పుడు పొదుపు చేస్తోంది. చివరికి దశరథ్ చేత బాటిల్ పరీక్ష పెట్టించాడు. ట్యాంకు గొట్టం తీసేసి, లీటరు గుర్తున్న సీసాను ఇంజను పక్కన వేలాడదీసి, ఆ ఒక్క లీటరుతో ఎంత దూరం పోతుందో చూడటం. వారం రోజులు ఆ బండి మీదే ఆఫీసుకు వెళ్లాడు. ప్రతి పొద్దున సరోజినీ నగర్ నుంచి తూర్పుగా నోయిడాకు వెళ్తే లీటరుకు పదకొండు కిలోమీటర్లు. ప్రతి సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఆరు. ట్రాఫిక్ తేడా అనుకుని ఆదివారం రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి చూశాడు. తేడా రాలేదు. ఢిల్లీ మ్యాపు మీద పెన్సిలుతో బాణాలు గీసుకున్నాడు. బండికి నచ్చిన దారులన్నీ ఒక వైపే మొగ్గుతున్నాయి. అవి గాజియాబాద్ మీదికి పోతున్నాయి.

దశరథ్ ఆ మ్యాపు చూశాడు. బండి అడుగున ఎవరైనా ఏదైనా దాచిపెట్టారేమో, ఒకసారి కాంటా మీద పెట్టి చూద్దామన్నాడు. లారీలు తూచే వేబ్రిడ్జిని అక్కడ ధరమ్ కాంటా అంటారు. ఓఖ్లాలోనే ఒకటుంది.

శేషగిరికి ఇది ఇష్టమైన పని. ముందుగా బండిలోని ప్రతి వస్తువునూ విడివిడిగా తూచి రాసుకున్నాడు. బెర్తు చెక్కలు, గట్టు, కర్టెన్ల కడ్డీలు, ట్యాంకులో డీజిలు, అన్నీ. కాగితాల్లో ఉన్న బండి బరువుకు కలిపితే పద్దెనిమిది వందల డెబ్బై కిలోలు రావాలి. నవంబరులో ఒక మబ్బుపట్టిన మధ్యాహ్నం బండిని కాంటా ఎక్కించి, తామిద్దరూ దిగిపోయి చూశారు. పంతొమ్మిది వందల ఇరవై చూపించింది. కాంటాలో లోపముందేమోనని శేషగిరి బండి దింపించి, తను ఎక్కి నిలబడ్డాడు. డెబ్బై చూపించింది. అతని బరువు అదే.

"యాభై కిలోలు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు," అన్నాడు శేషగిరి.

అందుకని బండిని మళ్లీ తీసుకొచ్చి వెనక చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేలా ఆపాడు. దిగి వచ్చి అద్దం వెనక వెలుగుతున్న ఎర్ర అంకెలు చూశాడు. లెక్క ప్రకారం రావలసినదానికి సరిగ్గా యాభై ఎక్కువ. అంటే ఆ బరువంతా వెనకే ఉంది, బెర్తు ఉన్న చోట. అతను కాగితం మీద రాసుకుంటున్నాడు. అప్పుడే అంకెలు కదిలాయి. మెల్లగా తగ్గుతూ, ఆగుతూ, మళ్లీ తగ్గుతూ సరిగ్గా యాభై తగ్గి నిలబడ్డాయి. బండి దగ్గర ఎవరూ లేరు. కాంటావాడు అంకెల పెట్టె మీద అరచేత్తో కొట్టాడు. అంకె మారలేదు.

దశరథ్ అతని భుజం తట్టి బండి ముందుభాగం చూపించాడు. ముందు అద్దంలోంచి డ్రైవరు పక్క సీటు కనిపిస్తోంది. సీటు మీది రెక్సిను ఎవరో కూర్చున్నట్టు నడుమ కుంగి ఉంది. ఇద్దరూ చూస్తుండగా కుంగిన చోటు ఇంకాస్త లోతయింది, నడిచి అలిసిన మనిషి వెనక్కి వాలి ఊపిరి తీసుకున్నట్టు.

లోపల ఎవరినో వదిలేశారు, దించండి అని కాంటావాడు విసుక్కున్నాడు. దశరథ్ మాత్రం నెమ్మదిగా, "ఇది నా చేతిలో పని కాదు సాబ్. దీని పాత యజమానిని అడగండి," అన్నాడు. తన పనిముట్లు సంచిలో సర్దుకుని, బండి ఎక్కకుండా నడిచి వెళ్లిపోయాడు.

శేషగిరి ఆ బండిని ఇంటికి ఎలా తెచ్చాడో అతనికే తెలియదు. పక్క సీటు వైపు తల తిప్పలేదు. ఇల్లు చేరాక సుభాషిణికి ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె భయపడుతుందనుకున్నాడు. ఆమె కాసేపు ఆలోచించి, అల్వార్ దారిలో పిల్ల విన్నది ఆడగొంతు కదా, ఆవిడెవరో కనుక్కుని రండి అంది.

మర్నాడు అతను వ్యాను ముట్టుకోకుండా స్కూటరు మీద గాజియాబాద్ వెళ్లాడు. కవినగర్‌లో మూడు మెట్లెక్కితే వరండా వచ్చే చిన్న ఇల్లు. తలుపు తీసిన మనిషికి డెబ్బై దగ్గర పడుతుంటాయి. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. తను ఫలానా బండి కొన్నవాడినని శేషగిరి తెలుగులో చెప్పగానే లక్ష్మీపతి మొహంలో రక్తం లేకుండా పోయింది. అయినా ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఎంతిస్తోంది?" అని.

శేషగిరి వెళ్లేటప్పుడు ఆరు, వచ్చేటప్పుడు పదకొండు అని చెప్పాడు. కాంటా సంగతి చెప్పాడు. యాభై కిలోలు అనగానే పెద్దాయన కళ్లు మూసుకున్నాడు.

"మా సీతారత్నం యాభై కిలోలే ఉండేదండి," అన్నాడు.

తర్వాత జరిగిందంతా ఆయన చెప్పుకొచ్చాడు. ఆయన ఒక ఇనుప గొట్టాల ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జిగా చేసి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. భార్యాభర్తలిద్దరూ ఆ బండిలో దేశమంతా తిరిగారు. కర్టెన్లు ఆమె కుట్టింది, బెర్తు ఆయన చేశాడు. తిరగడం ఆమెకు సరదా, మైలేజీ ఆయనకు పిచ్చి. 2003 డిసెంబరులో డెహ్రాడూన్ బయలుదేరారు. ఆ రోజు బండి ఎన్నడూ లేనంత తేలిగ్గా నడుస్తోంది. మీరట్, దౌరాలా దాటి ఒక చక్కెర మిల్లు దగ్గరికి వచ్చేసరికి సీతారత్నం ఎడమ భుజం కింద నొప్పిగా ఉందని, చెమటలు పోస్తున్నాయని, బండి తిప్పేసి ఇంటికి పోదామని అంది. గ్యాస్ అయి ఉంటుంది, కాసేపు పడుకో అన్నాడాయన. ఆమె వెనక్కి వెళ్లి బెర్తు మీద పడుకుంది.

"మధ్యలో తిప్పితే ఆ రోజు కొలత పాడవుతుందనుకున్నానండి. ఇంకో గంట ఓపిక పట్టమన్నాను. మూడుసార్లు అడిగింది, తిప్పెయ్యండి అని. కనీసం తొందరగా పోనివ్వండి అంది. నలభై అయిదు దాటనివ్వలేదు. తర్వాత ఇంక అడగలేదు. నిద్రపోయిందనుకున్నాను."

ముజఫర్‌నగర్‌లో టీ కోసం ఆపి వెనక్కి వెళ్లి చూస్తే ఆమెలో ప్రాణం లేదు. ఆస్పత్రిలో అదే మాట చెప్పారు. ఏం చెయ్యాలో తోచక ఆయన పెట్రోలు బంకుకు వెళ్లి ట్యాంకు నింపించాడు. ఎన్ని లీటర్లు పట్టిందో చూశాడు. పుస్తకం తీసి పదకొండు పాయింట్ ఎనిమిది అని రాశాడు. ఎందుకు రాశాడో ఆయనకు ఇప్పటికీ తెలియదు. హరిద్వారం అక్కడి నుంచి దగ్గర కాబట్టి అంబులెన్సులో అటే తీసుకెళ్లి దహనం చేయించాడు. బండిని గ్యారేజీలో వదిలి బస్సులో ఒక్కడే ఇంటికొచ్చాడు. ఇంటికి పోదామన్న మనిషి ఇంటికి రానేలేదు.

శేషగిరికి తన భార్య, కూతురు కిటికీలు మూసిన బండిలో ఉక్కపోతకు చెమటలు తుడుచుకుంటూ కూర్చోవడం కళ్ల ముందు కదిలింది. బండిని ఇక్కడికి తెచ్చేస్తానని అన్నాడు. పెద్దాయన వద్దన్నాడు. ఊరికే తెచ్చి గుమ్మం ముందు నిలబెడితే సరిపోదట. ఆమె తిప్పమన్న చోట తిప్పాలి. తనే తిప్పాలి.

అందుకు ఆయనకు ధైర్యం చిక్కేసరికి కొత్త సంవత్సరం వచ్చింది. జనవరి మొదటి ఆదివారం. పొద్దున పదైనా మంచు విడవలేదు. శేషగిరి ఇంట్లోవాళ్లను ఉంచి, వ్యాను తీసుకుని బయలుదేరాడు. లక్ష్మీపతి ఆటోలో వచ్చి మీరట్ రోడ్డు మలుపులో నిలబడి ఉన్నాడు. ముందు తలుపు తీసి పట్టుకున్నాడు కానీ చాలాసేపు ఎక్కలేదు. వెనక బెర్తు వైపు చూసి, "నేనే," అన్నాడు. తర్వాత ఎక్కాడు.

మీరట్ వైపు బండి నడిచిన తీరు శేషగిరి ఎప్పటికీ మరిచిపోలేదు. మూడో గేరులో ముప్ఫై దాటలేదు. వెనక నల్లటి పొగ. కొండ ఎక్కుతున్నట్టు ఇంజను గుండెలు బాదుకుంది. డీజిలు ముల్లు కళ్లముందే దిగుతోంది. వెనక నుంచి అప్పుడప్పుడూ పరుపు కింద చెక్క కిర్రుమంటోంది. నొప్పితో అటూ ఇటూ దొర్లుతున్న మనిషి పడుకున్న చెక్కలా. లక్ష్మీపతి ప్రతి చప్పుడుకీ భుజాలు ముడుచుకుంటున్నాడు.

దౌరాలా దాటాక మంచులో చెరకు ట్రాలీలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. బెల్లపు పాకం మాడిన వాసన వచ్చింది. మిల్లు గేటు కనపడగానే పెద్దాయన ఆపమన్నాడు. ఇద్దరూ సీట్లు మారారు. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టి, ట్రాలీల మధ్య సందు దొరికేదాకా ఆగి, ఒక్కసారిగా బండి తిప్పేశాడు.

"రత్నం, తిప్పేశాను. ఇంటికే," అన్నాడు.

ఆ తర్వాత ఆయన కాలు యాక్సిలరేటరు మీద నుంచి లేవలేదు. యాభై, అరవై, డెబ్బై అయిదు. ఆ వయసు బండి అంత వేగంగా పోతుందని శేషగిరి ఊహించలేదు. అద్దాలు, తలుపులు, పొయ్యి గట్టు అన్నీ ఏకమై అదురుతున్నాయి. ఆ చప్పుడులో కూడా అతనికి వెనక నుంచి ఊపిరి వినిపించింది. చిన్న చిన్న ఊపిర్లు, ఒకదాని వెంట ఒకటి, పళ్ల మధ్య నుంచి తీసుకుంటున్నట్టు. వెనక్కి తిరిగి చూడలేదు. పెద్దాయన మాత్రం రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. మోదీపురం వచ్చింది. మీరట్ దాటాం. ఇంకో అరగంట, ఓర్చుకో. మోదీనగర్. మురాద్‌నగర్ కాలువ. అదిగో, మన రోడ్డు. ఆయన బుగ్గల మీద నీళ్లు కారి స్వెటరు మెడ తడిసింది.

ఇంటి ముందు ఆపి, ఇంజను కూడా ఆర్పకుండా దిగి, పక్క తలుపు జరిపాడు. లోపలికి వంగి రెండు చేతులూ చాచాడు. శేషగిరి రోడ్డు మీద నిలబడి చూస్తున్నాడు. బండి వెనక ఎడమవైపు స్ప్రింగు కమాన్లు కిర్రుమని, వ్యాను రెండంగుళాలు పైకి లేచింది. లక్ష్మీపతి ఎడమభుజం అదే క్షణంలో కిందికి వాలిపోయింది. ఎవరినో నడుం చుట్టూ పట్టుకున్నట్టు చెయ్యి వంచి, ఆయన గేటు దాటాడు. మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టెక్కి ఆగాడు. పక్కమనిషి ఊపిరి తీసుకునేదాకా నిలబడినట్టు నిలబడ్డాడు. రెండో మెట్టు. మళ్లీ ఆగాడు. మూడోది. వరండాలో నుంచి, తిరిగి చూడకుండా, "మీరు వెళ్లండి బాబూ," అన్నాడు.

ఆ రోజు నుంచి వ్యాను ఎటు వెళ్లినా లీటరుకు తొమ్మిదిన్నర ఇచ్చింది. పోయేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే. తేజశ్రీ బెర్తు మీద కథల పుస్తకాలు పరుచుకుని పడుకుంది. ఇక అయిపోయిందనుకున్నాడు శేషగిరి.

పది రోజుల తర్వాత సాయంత్రం లక్ష్మీపతి ఫోను చేశాడు. కుశలం అడిగితే, తను బాగానే ఉన్నానన్నాడు. "ఆవిడకే ఇంకా నొప్పి తగ్గలేదండి," అన్నాడు.

శేషగిరికి చేతిలోని రిసీవరు చల్లబడిపోయినట్టయింది. సుభాషిణి వైపు చూశాడు. ఆమె ఫోను అందుకుని అంతా విని, రేపు మేమిద్దరం వస్తున్నాం అని చెప్పి పెట్టేసింది.

వెళ్లేసరికి పెద్దాయన గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి, సగం అయిపోయి ఉన్నాడు. పడకగదిలో నవారు మంచం. దాని మీద పరుపు, తెల్లటి దుప్పటి. ఎడమవైపు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకున్న మనిషి అంత మేర పరుపు కుంగి ఉంది. లక్ష్మీపతి పక్కన కుర్చీలో కూర్చుని, ఆ కుంగిన చోట అరచేత్తో నెమ్మదిగా రాస్తున్నాడు. రాత్రుళ్లు మూలుగుతోందని, మంచినీళ్లు ఇస్తే తాగలేకపోతోందని చెప్పాడు.

శేషగిరి గుమ్మంలోనే ఆగిపోయాడు. సుభాషిణి లోపలికి వెళ్లి మంచం పక్కన నిలబడింది.

"డాక్టరుకి చూపించారా బాబాయిగారూ?"

పెద్దాయన తలెత్తి చూశాడు. ఆ ప్రశ్న రెండేళ్లుగా ఎవరూ అడగలేదు. తనను తను కూడా అడగలేదు. చూపించలేదన్నట్టు తల ఊపాడు.

అయితే ఇప్పుడు పిలుద్దాం అని సుభాషిణి తనే వీధిలోకి వెళ్లింది. రెండిళ్ల అవతల ఒక ముసలి డాక్టరు ఉన్నాడు, లక్ష్మీపతికి బీపీ చూసేవాడు. ఆయనకు దారిలో ఏం చెప్పిందో ఏమో, బ్యాగు తీసుకుని వచ్చాడు. ఖాళీ మంచాన్ని చూశాడు. చేతులు జోడించి నిలబడి ఉన్న పెద్దాయనను చూశాడు. ముసలివాడి మనసు కష్టపెట్టడం ఇష్టంలేని మనిషిలా నిట్టూర్చి, మంచం పట్టె మీద కూర్చుని, స్టెతస్కోపు చెవులకు పెట్టుకుని, రెండో కొసను కుంగిన పరుపుకి పైగా, మనిషి గుండె ఉండవలసిన ఎత్తులో పట్టుకున్నాడు.

ఊరికే ఒక క్షణం పట్టుకుని తీసేస్తాడనుకున్నాడు శేషగిరి. ఆయన తియ్యలేదు. కనుబొమలు ముడిపడ్డాయి. గదిలో ఫ్యానుంటే కట్టెయ్యమని చేత్తో సైగ చేశాడు. జనవరి నెల, ఫ్యాను తిరగడమే లేదు. తల వంచి, కళ్లు మూసుకుని, ఒక నిమిషం పైగా విన్నాడు. తర్వాత స్టెతస్కోపు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

నొప్పి ఎన్నాళ్లుగా ఉందని హిందీలో అడిగాడు. రెండేళ్లు అన్నాడు లక్ష్మీపతి.

"ఇప్పుడు మందు పని చెయ్యదు," అన్నాడు డాక్టరు మెల్లగా. "పక్కన కూర్చోండి. చెయ్యి వదలకండి. ఎక్కువసేపు పట్టదు."

బ్యాగు సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

సుభాషిణి ఆ పూట అక్కడే ఉంటానంది. శేషగిరి కూడా ఉండిపోయాడు. పెద్దాయన దుప్పటి మీద అరచేయి తెరిచిపెట్టి కూర్చున్నాడు. ఆమెకు ఏవేవో చెబుతున్నాడు. జైసల్మేర్‌లో టైరు పంక్చరైన రోజు. గోదావరి గట్టున ఆమె బండి ఆపించి కొన్న తాటిముంజలు. ఆ రోజు మిల్లు దగ్గర ఎందుకు తిప్పలేదో కూడా చెప్పాడు. తన తప్పు గ్యాస్ అనుకోవడం కాదని, ఆ అంకె పోతుందనుకోవడమని, సాకు కలపకుండా చెప్పాడు. సుభాషిణి మంచం రెండోవైపు నేల మీద కూర్చుని వింది.

మధ్యాహ్నం మూడు గంటలప్పుడు కిటికీలోంచి ఎండ మంచం మీద పడింది. పెద్దాయన మాట మధ్యలో ఆపేశాడు. ముడుచుకున్న ఆకారం మెల్లగా సాగుతోంది. మోకాళ్ల దగ్గర లోతు కిందికి జరిగింది, వీపు దగ్గర లోతు వెడల్పయింది. వెల్లకిలా తిరిగి కాళ్లు చాపుకున్న మనిషి మేర అయింది. అలా కొంతసేపు ఉంది. తర్వాత పరుపులోని దూది తలవైపు నుంచి లేవడం మొదలుపెట్టింది. భుజాలు, నడుము, చివరికి మడమలు. దుప్పటి మీద ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి.

లక్ష్మీపతి చెయ్యి మాత్రం తెరిచే ఉంది. వేళ్లు ముడవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఎవరూ ఏడవలేదు. వీధిలో కూరగాయల బండివాడు కేక వేసుకుంటూ పోయాడు. సుభాషిణి లేచి, చీర సర్దుకుని, పొద్దుటి నుంచి ఏమైనా తిన్నారా అని పెద్దాయనను అడిగింది. లేదన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి డబ్బాలు వెతికి, బియ్యం ఎక్కడున్నాయో కనుక్కుని, పొయ్యి మీద ఎసరు పెట్టింది.